టిక్కీ మీద రాత

బ్రాడీపేట, నాలుగు బై పదకొండు.
కింద జిరాక్సు షాపు, పైన మేం ఆరుగురం.
ఒక ఏసీ ఉంది, మధ్యాహ్నం రెండు దాటితే మాట వినదు.
లెక్కలు నేర్చే యంత్రాలకు ముఖం గీస్తాం.
ఆ ముఖం మీద మాటలు పెట్టేది నేను.

మొదటి వారమే ఎడమ పట్టీలో
"వనరులు" అని రాశాను.
ఏడో తరగతి సాంఘికశాస్త్రం వాసనొచ్చింది:
బొగ్గు, అభ్రకం, నదీజలాలు.
ఇన్నారెడ్డి నొక్కి చూశాడు.
ఫైళ్లు, పట్టికలు, అద్దెకు తెచ్చిన కంప్యూటర్లు,
ఎలా వాడాలో చెప్పే పాఠాలు, అన్నీ అందులోనే.
"ఇది పేజీ కాదక్కా,
ఇల్లు మారేటప్పటి ట్రాలీ ఆటో" అన్నాడు.

ఒక గడిని విడదీసి "స్టోరేజీ" అన్నాం.
మిర్చి యార్డు నుంచి గుమస్తా మస్తాన్‌వలీ ఫోను:
"ఏ స్టోరేజీ అమ్మా? ఏటుకూరు రోడ్డుదా, నల్లపాడుదా?
మా తేజా రకం లోపలే ఉందా, తీసేశారా?"
నవ్వాను. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.
ఈ ఊళ్లో ఆ మాటకు
చల్లటి గోడలున్నాయి, బాడుగ రసీదులున్నాయి.
నేనే అడక్కుండా
ఆ మాట ఇంట్లో దిగాను.

"ఎన్విరాన్‌మెంటు"ని "పర్యావరణం" చేసిందెవరో చెప్పను.
అతను ఇప్పటికీ మాతోనే టీ తాగుతున్నాడు.

తర్వాత సలోమి వచ్చింది, లాం ఫారం నుంచి.
తామర పురుగు పట్టిన మిరపాకుల ఫొటోలు
పన్నెండు వేలు ఎక్కించుకుంది.
శుక్రవారం సాయంత్రం కంప్యూటరు పేరు పక్కన
"విశ్రాంతిలో ఉంది" అని చూసి
బస్సెక్కి ఇంటికెళ్లిపోయింది.
నాకు బాగా నచ్చి పెట్టిన మాట అది.
సోమవారానికి బిల్లు పదకొండు వేల రెండొందలు.
"విశ్రాంతి అన్నారు కదండీ,
విశ్రాంతికి డబ్బెవరు తీసుకుంటారు?"
గొంతులో కోపం లేదు.
ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున్నే యార్డుకెళ్లాను,
కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తుమ్ముతూ.
మస్తాన్‌వలీ కుంచెతో టిక్కీల మీద రాస్తున్నాడు:
ఊరు, రైతు పేరు, లాటు నంబరు.
ఒక వరసంతా ఒకటే మాట: తాలు.
"అంత మొహం మీదే రాస్తే రైతు నొచ్చుకోడా?"
కుంచె ఎత్తకుండానే అన్నాడు:
"ఏరిందే ఆయనమ్మా. ఆయనకు తెలుసు.
రాయకపోతే కొన్నోడు రేపు నా చొక్కా పట్టుకుంటాడు."

కళ్లు మండుతుండగానే వచ్చి కూర్చున్నా.
"నా ఫైళ్లు." "అద్దె కంప్యూటర్లు."
అద్దె అంటే చవకబారుగా ఉందన్నాడు ఇన్నారెడ్డి.
ఉండనీ.
విశ్రాంతిని చెరిపేసి
"పని లేదు. మీటరు తిరుగుతోంది" అని పెట్టా.
దాని పక్క బటను మీద అరగంట గొడవ:
ఆపు అనాలా, ఆపండి అనాలా?
నొక్కేది మనిషి, వినేది యంత్రం.
యంత్రానికి మర్యాద దేనికని "ఆపు" దగ్గర ఆగాం.

ఇంకొక్క గడి మిగిలింది.
పన్నెండు వేల ఆకులు చూసి చూసి
కొత్త ఆకు చూపించగానే
పురుగుందో లేదో చెప్పేదాన్ని ఏమనాలి?
నమూనా అంటే దర్జీ గుర్తొస్తాడు.
మూస అంటే కంసాలి.
యార్డులో అలాంటి మనుషులున్నారు,
టిక్కీలో చెయ్యి పెట్టి, కళ్లు ఇంకెటో పెట్టి
రకం చెప్పేస్తారు.
వాళ్లనేమంటారని మస్తాన్‌వలీకి ఫోన్ చేశాను.
"ఏమనడమేంటమ్మా,
పేరెట్టి పిలుస్తాం."

ఆ గడి ఖాళీగా వదిలేశాను.
నిన్న చూస్తే
మమ్మల్నెవరినీ అడక్కుండా
సలోమి అందులో రాసుకుంది:
"మా తామర, మూడోది."